ఆ మృగవ్యాధుడి బొమ్మ తప్పు కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో అచ్చయిన మృగవ్యాధుడి బొమ్మ, అంటే ఓరియన్ మండలం బొమ్మ, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉందనీ, మధ్యయుగపు చిత్రకారుడికి ఆకాశం తెలియకపోవడమే అందుకు కారణమనీ ఒక పాఠకుడు ఈ శీర్షికలో రాశారు. బొమ్మ తిరగబడి ఉన్నమాట నిజమే. అయితే అది జంట బొమ్మల్లో ఒకటి. దాని జోడు అచ్చులోకి రాలేదు.

ఆ బొమ్మ ఉన్న చేతిరాత ప్రతి పారిస్‌లో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ కోసం 15వ శతాబ్దంలో సమర్‌కంద్‌లో దాన్ని తయారుచేశారు. మూలం మాత్రం పారశీక ఖగోళవేత్త అల్ సూఫీ క్రీ.శ. 964 ప్రాంతంలో అరబ్బీలో రాసిన స్థిర నక్షత్రాల గ్రంథం. ప్రాచీన గ్రీకు ఖగోళవేత్త టాలెమీ చెప్పిన 48 మండలాలను వరసగా తీసుకుని, ఒక్కొక్కదానికి రెండేసి బొమ్మలు పెట్టాడాయన. ఒకటి తలెత్తి ఆకాశంలోకి చూసేవారికి కనిపించే తీరు, రెండోది ఖగోళ గోళం మీద, అంటే నక్షత్రాలను పైన గుర్తించిన బంతి లాంటి నమూనా మీద, కనిపించే తీరు. ఆకాశాన్ని మనం లోపలి నుంచి చూస్తాం, గోళాన్ని బయటి నుంచి చూస్తాం కనుక కుడి ఎడమలు తారుమారవుతాయి. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి తిరిగి నిలబడితే మృగవ్యాధుడి భుజం మీది ఎర్రని ఆర్ద్ర మనకు ఎడమ వైపున, పాదం దగ్గరి రైజెల్ నక్షత్రం కుడి వైపున ఉంటాయి. గోళం మీద ఆర్ద్ర కుడికి వస్తుంది. మీరు వేసింది ఆ గోళం బొమ్మ. అల్ సూఫీ పలుచని కాగితాన్ని గోళానికి అతుక్కునేలా పరచి, మండలాల రూపురేఖలనూ నక్షత్రాలనూ దాని మీదికి దించుకున్నాడని మధ్యయుగపు పండితుడు అల్ బీరూనీ రాశాడు.

ఆ బొమ్మనే ఇంకాస్త దగ్గరగా చూడమని నా మనవి. మృగవ్యాధుడి ఒక చేతికి అంగీ చెయ్యి వేళ్లను దాటి పొడుగ్గా వేలాడుతుంది. చూడగానే అది వట్టి సింగారం అనిపిస్తుంది. కానీ టాలెమీ అక్కడ ఒక జంతుచర్మాన్ని ఊహించి, దాని మీద తొమ్మిది నక్షత్రాలు లెక్కపెట్టాడు. అరబ్బీ సంప్రదాయంలో ఆ చర్మం అంగీ చెయ్యి అయింది, నక్షత్రాలు మాత్రం తమ స్థానాల్లోనే ఉన్నాయి. గుడ్డ ఎక్కడిదాకా జారాలో ఆ తొమ్మిది చుక్కలే నిర్ణయించాయి. నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే.

ఇక ఆకాశం తెలియదన్న మాట. అయనచలనాన్ని, అంటే శతాబ్దాలు గడిచేకొద్దీ నక్షత్రాల రేఖాంశాలు నెమ్మదిగా మారడాన్ని, లెక్కలోకి తీసుకుని టాలెమీ ఇచ్చిన రేఖాంశాలకు 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపి, నక్షత్రాల కాంతిని తన కంటితో చూసి మళ్లీ అంచనా కట్టినవాడు అల్ సూఫీ. ఈరోజు మనం ఆండ్రోమెడా గెలాక్సీ అని పిలిచేదాన్ని, దూరదర్శిని రావడానికి ఆరు శతాబ్దాల ముందే, అరబ్బులు ఆకాశంలో ఊహించిన చేప నోటి దగ్గరి చిన్న మబ్బు మరకగా నమోదు చేశాడు. ఆ చేతిరాత ప్రతిని రాయించుకున్న ఉలుగ్ బేగ్ కూడా సామాన్యుడు కాడు. వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలతో 1437లో పట్టిక కూర్చిన పాలకుడు. అలాంటివాడి గ్రంథంలో ప్రతి మండలమూ పొరపాటున తిరగబడింది అనుకోవడం నాకు సాధ్యం కావడం లేదు.

పారిస్‌లోని ఆ గ్రంథాలయం ఈ చేతిరాత ప్రతిలోని పుటలను అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచింది. వచ్చే అనుబంధంలో మృగవ్యాధుడి రెండు బొమ్మలనూ పక్కపక్కన వేసి, ఏది ఆకాశానిదో, ఏది గోళానిదో కింద రాయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు