ఆ నవలను మళ్లీ అలమారాలో పెట్టండి

సంపాదకులకు,

మా అమ్మాయి చదివే పాఠశాల గ్రంథాలయంలోంచి సుజాన్ కాలిన్స్ నవల 'ది హంగర్ గేమ్స్'ను తీసేశారు. హింస ఎక్కువని, పిల్లలు పెద్దలకు ఎదురు తిరగడం నేర్చుకుంటారని కొందరు తల్లిదండ్రులు చెప్పారట. నాకూ మొదట అదే టెన్షన్. అందుకే ఇంట్లో ఉన్న ప్రతిని కూర్చుని చదివాను.

2008లో వచ్చిన ఈ నవలలో 12 జిల్లాల నుంచి ఏటా ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీటీలు తీసి పట్టుకుపోతారు. ఆ 24 మందిలో ఒక్కరే మిగిలేదాకా చంపుకోవాలి. అదంతా టీవీలో చూపిస్తారు. ఇంతవరకే వింటే ఏ తల్లికైనా భయమే. కానీ పధ్నాలుగేళ్ల మా అమ్మాయి మనసులో నిలిచిపోయింది చావులు కాదు, మొదటి అధ్యాయంలోని చీటీలు. తిండికి లేని పిల్లలు ధాన్యం, నూనె కావాలంటే తమ పేరు మీద అదనంగా చీటీలు వేయించుకోవాలి. ఇంట్లో ఎందరుంటే అన్ని. అవి ఏటేటా పోగవుతూనే ఉంటాయి. అలా కథానాయిక, పదహారేళ్ల కాట్నిస్ పేరు మీద 20 చీటీలు పడతాయి. మేయర్ కూతురికి ఐదే. "చీటీ ఎవరి పేరైనా రావచ్చు అంటారు కదమ్మా, మరి లేనివాళ్లవే ఎందుకు ఎక్కువున్నాయి?" అని అడిగింది మా అమ్మాయి. రెండు రాత్రులు దాని గురించే మాట్లాడుకున్నాం. పైకి అందరికీ ఒకటే అనిపించే నియమం ఎవరి మీద బరువుగా పడుతుందో నేను విడమరిచి చెప్పబోతే అంత బాగా ఎక్కేది కాదు.

ఇక ఎదురు తిరగడం సంగతి. కాట్నిస్ ప్రభుత్వాన్ని కూల్చాలని బయల్దేరలేదు. పన్నెండేళ్ల చెల్లెలి పేరు వస్తే, దాని బదులు నేను వెళ్తానంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రకటించిన 2011 జాబితాలో, ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల్లో ఇది మూడోది. చెప్పిన కారణాల్లో 'కుటుంబ వ్యతిరేకం' అన్నది ఒకటి. చెల్లెలి కోసం ప్రాణానికి తెగించిన పిల్ల కథను అలా అన్నారని తెలిసి బాధేసింది.

కథలకు బలం ఉంటుందని ఒప్పుకుంటాను. 2014లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పుడు థాయ్‌లాండ్ యువత ఈ కథలోని మూడు వేళ్ల వందనంతోనే నిరసన తెలిపింది.

చిన్న తరగతుల పిల్లలకు ఇవ్వమని అడగడం లేదు. పై తరగతుల వారికి ఇవ్వండి, ఒక టీచర్ దగ్గర కూర్చుని మాట్లాడించండి. తీసేయమన్న తల్లిదండ్రులను కూడా ఒక సాయంత్రం పిలిచి ఆ మొదటి అధ్యాయం కలిసి చదువుదాం. నేను తప్పకుండా వస్తాను.

ఒక విద్యార్థిని తల్లి