బందరు రోడ్డు చివర ఏముంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మేం విజయవాడ వాళ్ళం రోజుకి పదిసార్లు బందరు రోడ్డు ఎక్కి దిగుతాం, బందరు కాలువ పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకుంటాం, ఇంటికి చుట్టాలొస్తే బందరు లడ్డూ తెప్పిస్తాం. ఆ రోడ్డు పట్టుకుని డెబ్భై కిలోమీటర్లు పోతే బందరులో, అదే మచిలీపట్నంలో, బందరుకోట ఉందని మా వీధిలో అడగండి, సగం మందికి తెలియదు. నాకూ మొన్నటి దాకా తెలియదు, అబద్ధమెందుకు.

పోయిన ఆదివారం మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి "ఎప్పుడూ భవానీ ద్వీపమేనా మావయ్యా" అంటే కారు తీశాం. కోట అంటే కొండపల్లిలాగా కొండెక్కాలనుకుని వాడు బూట్లు బిగించుకొచ్చాడు. అక్కడ ఎక్కడానికేం లేదు. చదును నేల, తుమ్మచెట్లు, ఉప్పుగాలి, వాటి మధ్య పాత ఆయుధాగారం, గంట గోపురం. గోడ మందం ఎంతో చూద్దామని వాడు కిటికీలోంచి చెయ్యి చాపితే మోచెయ్యి దాటినా అవతలి అంచు అందలేదు. సున్నం రాలిన చోట ఇటుకల సందులోంచి వేలు లావు రావి వేరు పాకింది. వాడు దాన్ని లాగబోతే ఎర్రటి ఇటుక పొడి అరచేతిలో రాలింది, "ఒరేయ్ వదిలెయ్, గోడ కూడా వస్తుంది" అని అరిచాను.

"ఇది కట్టిందెవరు?" అన్నాడు. ఎదురుగా బోర్డు ఉంది, చదివాం. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అంతే. లోపల ఏముందో, ఎవరిదో, ఎందుకు పాడుపడిందో ఒక్క ముక్క లేదు. చివరికి మేకలు తోలుకుపోతున్న కుర్రాడు చెప్పాడు, "దొరల మందుగుండు గోదామండీ" అని. బోర్డు కంటే వాడే నయం.

రాయడానికి సరుకు లేదా అంటే బోలెడుంది. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు, అంటే మన పెద్దలు వలందులు అన్నవాళ్ళు, ఇక్కడ దుకాణం తెరిచారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. 1750లో పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ళ, చేతికొచ్చిన ఊరిని, 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ కోట మీద పడి లాక్కున్నాడు. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీకి చిక్కడానికి దారి పడింది అక్కడే. తర్వాత 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ముప్పై వేల మందిని మింగేసింది, బందరు మళ్ళీ ఆ పాత వైభవం చూడలేదు. ఊళ్ళో ఇప్పటికీ వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటలున్నాయి, ఆటోవాళ్ళు ఆ పేర్లే పిలుస్తారు. మూడు దేశాల వాళ్ళ పేర్లు ఆటో కేకల్లో మిగిలి, కోట గోడ దగ్గర మాత్రం లేకపోవడం నాకు చిత్రంగా అనిపించింది.

అక్కణ్ణుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమలోకి వెళ్ళాం. దివి అంటేనే దీవి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రం దాకా చుట్టేసిన నేల అది. పులిగడ్డ అక్విడక్టు దగ్గర కింద ఏటి పాయ, పైన పంటకాలువ పారుతుంటే మావాడు కారు ఆపించి పావుగంట కదల్లేదు. కోట కంటే అదే నచ్చిందట, ఇంజనీరింగు బుద్ధి! హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి చూసుకుని పాలకాయతిప్ప వెళ్ళాం. దారిలో టీ కొట్టావిడ "ఉప్పెనప్పుడు నాకు ఏడేళ్ళు బాబూ" అంది. 1977 నవంబరు 19 సంగతి అని అడక్కుండానే తెలిసిపోయింది, ఆ వైపు ఉప్పెనంటే అదొక్కటే. ఘంటసాల బౌద్ధ స్తూపం, మన కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు గుడి చూడకుండానే పొద్దుపోయింది. పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి ఎదురుమొండి దీవికి దాటాలని మా ఆవిడ సరదా, అదీ తీరలేదు.

మాకు కారుంది కాబట్టి ఇంతైనా చూశాం. కారు లేనివాడు బందరులో దిగి కోటకి ఆటో, మళ్ళీ బస్టాండుకి ఆటో, అవనిగడ్డ బస్సు, అక్కణ్ణుంచి హంసలదీవికి ఇంకో బండి, ఇలా ఒక్క రోజులో తెమిలే పని కాదు. కార్తీకమాసం వస్తే పంచారామాలన్నీ ఒక్క రోజులో తిప్పి తెచ్చే ఆర్టీసీకి ఇదేం కొత్త విద్య కాదు కదా. ఆదివారం పొద్దున్నే ఆరింటికి నెహ్రూ బస్టాండులో బయల్దేరి కోట, ఘంటసాల, శ్రీకాకుళం, హంసలదీవి తిప్పి రాత్రికి దింపేలా, పోనీ చలికాలం నాలుగు నెలలైనా ఒక్క బస్సు వేసి చూడమనండి. టికెట్టు కాస్త ఎక్కువైనా ఇస్తాం. గాజు వంతెనలు, సెల్ఫీ పాయింట్లు ఎవరూ అడగట్లేదు, అసలవి పెట్టకపోతేనే మేలు. కోట దగ్గర మంచినీళ్ళు, ఆడవాళ్ళకి ఒక మరుగుదొడ్డి, ఆ జరిమానా బోర్డు పక్కన తెలుగులో ఇంకో బోర్డు చాలు. మా ఆవిడ మరుగుదొడ్డి కోసం కోట నుంచి బందరు ఊళ్ళో హోటలు దాకా వెనక్కి రావాల్సి వచ్చిందని ఇక్కడ రాయమంది, రాశాను.

బస్సు వేస్తే మొదటి ఆదివారం మూడు సీట్లు మావి. మావాడు ఈసారి చెప్పులతో వస్తాడు.

– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ