మా చెల్లెలి కుటుంబానికి అండగా నిలిచిన వారందరికీ

చీమకుర్తిలో గ్రానైట్ పలకలు లారీకి ఎక్కిస్తుండగా మీద పడి మా బావ చనిపోయిన సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. 2024 నవంబరులో జరిగింది. ఆయనకు 40 ఏళ్లు. పరిహారం కేసు పోయిన వారం ముగిసింది. ఉత్తర్వు మా చెల్లెలి చేతికి వచ్చింది. ఎవరెవరు మాకు ఏం చేశారో పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ, ఉద్యోగాల్లో ఉన్నవారి పేర్లు బయటపెట్టడం భావ్యం కాదు. చదివిన వారికి తమ సంగతే అని తెలుస్తుంది.

మొదటి దండం మా ఊరి సచివాలయంలో పనిచేసే సంక్షేమ సహాయకుడికి. అత్తయ్యకు, అంటే మా బావ తల్లికి, ఎన్టీఆర్ భరోసా పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి అది 4,000 అయింది. బావ పోయాక ఆ ఇంట్లో నెలనెలా కచ్చితంగా చేతికందే డబ్బు అదొక్కటే. ఆ నెల పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చిన ఆ అబ్బాయి అరుగు మీద ఉన్న కాగితం చూశాడు. దినాలు కూడా కాకముందే బావ పనిచేసిన గ్రానైట్ యూనిట్ తరఫు పెద్దమనుషులు తెచ్చి పెట్టి వెళ్లిన రాజీ పత్రం అది. మూడు లక్షలు ఇస్తారట, ఇక ఏ అధికారి దగ్గరకూ వెళ్లబోమని రాసి సంతకం పెట్టాలట. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నారు, మా చెల్లెలు సంతకానికి సిద్ధపడింది. “ఒక్క రోజు ఆగక్కా, కార్మిక శాఖలో కనుక్కుని చెబుతాను” అన్నాడు. పింఛను చేతిలో పెట్టి వేలిముద్ర తీసుకుంటే అతని పని అయిపోయేది. ఆ కాగితం చదవాల్సిన అవసరం అతనికి లేదు. చదివాడు.

రెండో దండం ఒంగోలు కార్మిక శాఖ కార్యాలయంలోని అధికారిణికి. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఏం చెబుతుందో మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. పనిలో ఉండగా మనిషి చనిపోతే పరిహారం సొమ్మును యజమాని, ఈ కేసులు విచారించే పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి. గడప దగ్గరకు తెచ్చి చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. తరువాత ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క వేశారు. నెల జీతం ఎంత ఉన్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. అందులో సగం 7,500. దాన్ని వయసును బట్టి చట్టం నిర్ణయించిన అంకెతో గుణించాలి. 40 ఏళ్ల వారికి అది 184.17. వచ్చింది 13,81,275 రూపాయలు. మా చెల్లెలు ఆ అంకెను వేలితో తడుముతూ రెండుసార్లు చదివించుకుంది. “ఇది ఎవరూ జాలిపడి ఇచ్చేది కాదమ్మా, మీ ఆయన కష్టానికి చట్టం కట్టిన విలువ” అన్నారామె. ఇంత మర్యాదగా మాతో ఏ కార్యాలయంలోనూ ఎవరూ మాట్లాడలేదు.

వకీలు ఫీజుకు భయపడ్డాం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమని చెప్పిందీ ఆమే. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. మాకు ఇచ్చిన న్యాయవాది కుర్రవాడే, కానీ ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అన్నీ దగ్గరుండి వరుసలో పెట్టించాడు. ఒక్క పైసా అడగలేదు.

గట్టి చిక్కు జీతం దగ్గర వచ్చింది. చేతికి కూలి ఇచ్చే పనిలో జీతం చీటీ ఎక్కడిది? మా బావ అసలు తమ దగ్గర పనే చేయలేదని కూడా యూనిట్ వాళ్లు అన్నారు. ఆ మాట విన్న రోజు అత్తయ్య అన్నం ముట్టలేదు. అప్పుడు బావతో కలిసి పలకలు మోసిన ఒడిశా కార్మికుడు సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. పని పోతుందని తెలిసీ వచ్చాడు. వచ్చీరాని తెలుగులో, వారానికి ఎంత ఇచ్చేవారో, ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో తడబడకుండా చెప్పాడు. ఆ సాక్ష్యమే కేసును నిలబెట్టింది.

ఉత్తర్వులో నాకు చాలా నచ్చినది పంపకం. భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి విడివిడిగా వాటాలు రాశారు. పిల్లల సొమ్ము బ్యాంకులో డిపాజిట్ చేశారు. డబ్బు వచ్చిన ఇళ్లలో అత్తాకోడళ్లు విడిపోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. ఇక్కడ ఎవరూ ఎవరినీ అడుక్కోవలసిన పని లేకుండా పోయింది.

ఈలోగా పిల్లల చదువు ఆగలేదంటే అది బడి ప్రధానోపాధ్యాయురాలి చలవ. తండ్రిని పోగొట్టుకుని తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంటుందని, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదని ఆవిడే చెప్పి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు రాయించారు. 2025 జూన్‌లో బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు, ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున, మా చెల్లెలి ఖాతాలో పడింది. పాత అప్పులో కొంత దానితోనే తీరింది.

అధికారులకు ఒక విన్నపం. గ్రానైట్ యూనిట్ల గేట్ల దగ్గర తెలుగులో, ఒడియాలో, హిందీలో పరిహారం గురించిన ఈ నాలుగు మాటలూ బోర్డు మీద రాయించండి. మాకు ఆ కాగితం చదివే మనిషి దొరికాడు. దొరకని ఇళ్లు ఎన్ని ఉన్నాయో అని నాకు దిగులుగా ఉంటుంది. చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే నాకు కబురు పెట్టండి, ఒంగోలు దాకా మీతో వస్తాను.

మరొక్క మాట. సాక్ష్యం చెప్పిన ఆ ఒడిశా తమ్ముడి ఫోను కొన్ని నెలలుగా పలకడం లేదు. గంజాం వైపు మనిషి. పని మారి ఎటు వెళ్లాడో తెలియదు. అతనితో పనిచేసిన వారు ఎవరైనా ఇది చదివితే, కేసు గెలిచామని, అత్తయ్య అతన్ని చూడాలంటున్నదని దయచేసి చెప్పండి.