చలికాలంలో మన షాపు: మూసే రోజులు, పెరిగే రేట్లు, తెరిచి ఉండే సీలింగ్

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన కిరాణా, టిఫిన్ సెంటర్‌కి వచ్చే అందరికీ నమస్కారం. వెనక తలుపు దగ్గర నిచ్చెనలు, అక్కడక్కడా ఊడదీసిన సీలింగ్ టైల్స్ చూసి "రీమోడలింగా అండీ?" అని చాలామంది అడుగుతున్నారు. అంత భాగ్యమా! చలికాలానికి బిల్డింగ్‌ని సిద్ధం చేస్తున్నాం. దీనివల్ల మీకు కొంత ఇబ్బంది, కొంత ఖర్చు కూడా ఉన్నాయి. అవి ముందే చెప్పేస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

2021 ఫిబ్రవరిలో ఇక్కడున్న వాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. 16వ తేదీన డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టులో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. 1949 తర్వాత ఇక్కడ అంత చలి ఎప్పుడూ పడలేదు. పైగా ముందురోజు నుంచే కరెంటు కోతలు. టెక్సస్‌లో బిల్డింగులు ఎండని తట్టుకునేలా కడతారు కానీ చలిని పెద్దగా పట్టించుకోరు. నీళ్ల పైపులు బయటి గోడల్లోంచి, సీలింగ్ పైనుంచి పోతాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. పైపులో ఐసుకీ, కట్టేసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది. కుళాయి సన్నగా వదిలి ఉంచమనేది అందుకే. పగిలిన సంగతి మాత్రం ఎండ కాసి ఐసు కరిగాకే బయటపడుతుంది. మా వరసలోనే ఒక షాపులో స్ప్రింక్లర్ పైపు (మంటలొస్తే సీలింగ్ నుంచి నీళ్లు చల్లేది) అలా పగిలి, సీలింగ్ మొత్తం తడిసి సరుకు మీద పడింది.

ఆ స్ప్రింక్లర్ పైపుల్లో ఎప్పుడూ నీళ్లు నిండే ఉంటాయి. వాటి చుట్టూ కనీసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలని రూలు. మనం నిలబడే చోట 65 ఉన్నా, సీలింగ్ టైల్స్ పైన అంత ఉండదు. అందుకే బాగా చలిగా ఉండే రాత్రులు కొన్ని టైల్స్ తీసి, కింది వేడి పైకి పోయేలా వదిలేస్తాం. పొద్దున్నే వచ్చేవాళ్లు పైకి చూసి కంగారు పడకండి. రాత్రంతా హీటర్ కూడా ఆపం. ఆపితే గ్యాస్ బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ హీటర్ ఆపేసి ఉండగా పైపు పగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం చూడరు. ఇక లీజు సంగతి చెబితే నవ్వుతారు: రూఫ్ ఓనరుది, రూఫ్ మీద కూర్చున్న హీటర్ మాత్రం మాది. దాని సర్వీసింగ్, బయటి పైపులకి ఇన్సులేషన్, అన్నీ మా ఖాతాలోనే.

అందుకే జనవరి నుంచి టిఫిన్ ప్లేటుకి 50 సెంట్లు పెంచుతున్నాం. కిరాణా రేట్లు దీనికోసం ముట్టుకోవడం లేదు.

వంటింట్లో ఇంకో తిరకాసు ఉంది. పొయ్యిల పైనుండే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగతోపాటు వేడిని కూడా బయటికి లాగేస్తుంది. అందుకే మరీ చలిగా ఉన్న పొద్దుల్లో ఒక్క పెనమే వెలిగిస్తాం, దోశ ఆలస్యమవుతుంది. చలికి పిండి సరిగా పులవదు కూడా. సోడా వేసి పొంగించడం నాకు ఇష్టం లేదు. పులవకపోతే ఆ పూట ఇడ్లీ ఉండదు, పెసరట్టు ఉప్మాతో సర్దుకోండి. (మా అత్తగారైతే అదే మంచి టిఫిన్ అంటారు.)

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నేషనల్ వెదర్ సర్వీస్ మన కౌంటీకి ఐస్ స్టార్మ్ వార్నింగ్ ఇస్తే ఆ రోజు షాపు తెరవం. "పక్క షాపు తెరిచారు కదా" అని ఫోన్ చేసినా తెరవం. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యూ హైవే మీద ఐసుకి జారి 130కి పైగా బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు పోయారు. అది తెల్లవారుజామున, మన వంటవాళ్లు డ్యూటీకి బయల్దేరే టైములో జరిగింది. కింద నేల లేక ఫ్లైఓవర్లు రోడ్డుకన్నా ముందే గడ్డకడతాయి, పైకి తడిగానే కనిపిస్తాయి. ఇడ్లీ సాంబారు కోసం ఎవర్నీ ఆ రోడ్డెక్కించలేను. మూసిన రోజుకి కూడా స్టాఫ్‌కి జీతం ఇస్తాం.

మనకి జనరేటర్ లేదు. కరెంటు నాలుగు గంటలు దాటి పోతే ఫ్రిజ్‌లోని పెరుగు, పనీరు, వండిన కూరలు పారేస్తాం. 2021లో కొందరు "సగం రేటుకి ఇచ్చేయండి" అన్నారు, ఈసారీ అడుగుతారు. ఇవ్వం.

సంక్రాంతి ఆర్డర్ల విషయానికొస్తే అరిసెలు, చెక్కలు, సకినాలు నిలవుండేవే కాబట్టి పండక్కి నాలుగు రోజుల ముందే తీసుకెళ్లండి. బొబ్బట్లు, పులిహోర ఏ రోజువి ఆ రోజే చేస్తాం. ఆ రోజు ఐసు పడి మూసేస్తే డబ్బులు పూర్తిగా వెనక్కి ఇస్తాం. మూసేదీ లేనిదీ ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు మన వాట్సాప్ గ్రూపులో పెడతాం. గ్రూపులో లేనివాళ్లు ఈసారి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర నంబరు ఇచ్చి వెళ్లండి.