తిథి పక్కన చంద్రాస్తమయం వేళ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ పంచాంగం వేస్తున్నారు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, సూర్యోదయాస్తమయాలు అన్నీ ఉంటాయి. చంద్రుడు ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు పోతాడో మాత్రం ఉండదు. ఆ రెండు వేళలూ చేర్చమని మా మనవి. చంద్రుడి వెలుగులో పాలపుంత వెలిసిపోతుంది కనుక, దాన్ని ఫొటో తీసే వాళ్లకు అన్నిటికన్నా ముందు కావలసినవి అవే.

అమావాస్య ఒక్కటే పనికొస్తుందనుకుని చాలామంది నెలంతా కాచుకుంటారు. ఆ రాత్రి మబ్బు పడితే కెమెరా మూలన పడుతుంది. నిజానికి అన్ని రాత్రులు వదులుకోనక్కర్లేదు. పాలపుంతలో బాగా వెలిగే భాగమైన దాని కేంద్రం తేలు కొండికి, అంటే మూలా నక్షత్రానికి, కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఏప్రిల్ నడుమ అది రాత్రి 11 గంటలకు ఉదయిస్తుంది, ఫొటోకు తగినంత పైకి వచ్చేసరికి పన్నెండున్నర అవుతుంది. చైత్ర శుద్ధ షష్ఠి చంద్రుడు పదకొండున్నర ప్రాంతంలోనే అస్తమిస్తాడు కాబట్టి ఆ రాత్రీ మనదే. సెప్టెంబరులో లెక్క తిరగబడుతుంది. చీకటి పడేసరికే కేంద్రం దక్షిణాన నిలిచి ఉంటుంది, అప్పుడు కావలసింది బహుళ పక్షం. షష్ఠి నాడు చంద్రుడు 10 దాటితే గానీ రాడు. సూర్యాస్తమయమైన గంటంబావుకు పూర్తి చీకటి కనుక రెండున్నర గంటలు చేతిలో ఉంటాయి. వాన కడిగిన గాలి కూడా అప్పుడు తేటగా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ కేంద్రం 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో 10 డిగ్రీలు కూడా రాదు. అక్కడున్న మన వాళ్లు ఏప్రిల్, మే నెలల్లో ఇంటికి వస్తే కెమెరా తెచ్చుకోవడం మంచిది. కేంద్రం దక్షిణాన ఉంటుంది కాబట్టి ఊరికి దక్షిణంగా వెళ్లాలి, ఊరి వెలుగు వీపు వెనక ఉండాలి. ఉత్తరంగా ఎంత దూరం పోయినా ఆ వెలుగు ఫ్రేములోకే వస్తుంది.

ఖరీదైన లెన్స్ లేదని ఆగనక్కర్లేదు. కెమెరాతో ఇచ్చే 18-55 లెన్స్ చాలు. 18 మి.మీ. దగ్గర ఎఫ్/3.5 (లెన్స్ ద్వారం వెడల్పు), ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 3200, 15 సెకన్లు, కుదించని రా ఫార్మాట్. 20 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. స్టాండు మీద పెట్టాక లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపేయాలి, లేకపోతే అదే కెమెరాను కదిలిస్తుంది.

ఎక్కువ ఫొటోలు చెడేది ఫోకస్ వల్ల. ఆటోఫోకస్ చీకట్లో పట్టదు. మాన్యువల్‌కు మార్చి, జ్యేష్ఠ లాంటి ప్రకాశవంతమైన చుక్కను లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, 10 రెట్లు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. మరమరంలా ఉన్న చుక్క ఆవగింజంత అవుతుంది, ఇంకా తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, అతి చిన్నగా ఉన్న చోట ఆపి, రింగు మీద టేపు వేయాలి. రింగును చివరిదాకా తిప్పేస్తే అనంతం (చుక్కలంత దూరానికి ఫోకస్) వస్తుందనుకోవడం పొరపాటు, చాలా లెన్సులు దాన్ని దాటి తిరుగుతాయి. వేడి తగ్గేకొద్దీ ఫోకస్ పక్కకు తప్పుతుంది కనుక గంటకోసారి చూసుకోవాలి.

రెండో శత్రువు మంచు. లెన్స్ అద్దం ఆకాశంలోకి వేడిని వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, దాంతో దానిమీద తేమ పేరుకుంటుంది. మొదట చుక్కల చుట్టూ పొగలాంటి వలయం కనిపిస్తుంది. గుడ్డతో తుడిస్తే మరకలు మిగులుతాయి, కాసేపట్లో మళ్లీ పడుతుంది. పవర్ బ్యాంకుతో నడిచే 5 వోల్టుల హీటర్ పట్టీని మొదటి ఫొటోకు ముందే చుట్టాలి. కోస్తాలో ఇంకో చిక్కుంది: ఏసీ గది నుంచి తెచ్చిన కెమెరా బయటి ఉక్కలో క్షణాల్లో చెమరుస్తుంది. అరగంట సంచిలోనే ఉంచి అప్పుడు తీయాలి.

ఒకే ఫొటోతో తృప్తి పడకండి. వరసగా 16 తీసి సీక్వేటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే గరుకుదనం నాలుగో వంతుకు తగ్గుతుంది. లెన్స్ మూత పెట్టి, అదే ఐఎస్‌ఓలో, అంతే సేపు మరో పది తీసి వాటినీ జత చేస్తే సెన్సర్ మీది రంగు చుక్కలు పోతాయి.

మరో మనవి. పాఠకులు పంపిన ఆకాశం ఫొటో వేసినప్పుడు దాని కింద లెన్స్, సెకన్లు, ఐఎస్‌ఓ, తిథి కూడా వేయండి. చూసిన పిల్లలు మర్నాడు రాత్రి అవే పెట్టి మొదలుపెట్టగలుగుతారు.

ఇట్లు
రాత్రి ఆకాశం ఫొటోలు తీసే కొందరు పాఠకులు,
కర్నూలు