ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పెట్టండి, పేషెంటు దగ్గర నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మా పక్కింటి పెద్దాయనకు 74 ఏళ్లు. నీరసంగా ఉందంటే మొన్న వానాకాలంలో కొడుకు దగ్గర్లోని ఒక ల్యాబ్‌లో రక్త పరీక్ష చేయించాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. పొటాషియం 7.9 (చాలా ఎక్కువ), కాల్షియం 5.2 (చాలా తక్కువ). అదే నిజమైతే గుండె ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేం. ఇంట్లో ఏడుపులు, ఆటో కోసం పరుగులు. 31 ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కాబట్టి ఆ రెండు అంకెలు పక్కపక్కన చూడగానే నాకు అనుమానం వచ్చింది. అయినా "ఏం కాదులెండి" అనే ధైర్యం చాలక నేనూ ఆసుపత్రికి వెంట వెళ్లాను. ఈసీజీ మామూలుగానే ఉంది. మళ్లీ రక్తం తీసి చూస్తే పొటాషియం 4.3, అదీ మామూలే.

మర్నాడు ఆ ల్యాబ్‌కి వెళ్లి రక్తం తీసిన కుర్రాణ్ని అడిగాను. పసుపు మూత ట్యూబులోకి రక్తం సరిపోలేదట, ఊదారంగు మూత ట్యూబులోంచి కొంత అందులోకి వంపాడట. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది పొటాషియం లవణం, పైగా రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఒక్క చుక్క కూడా కలపకూడదు. "ఎవరూ చెప్పలేదు మేడమ్" అన్నాడు. ఇంటర్ అయ్యాక పక్కవాళ్లను చూసి మూడు నెలల్లో పని నేర్చుకున్నాడట. వాడి మీద నాకు కోపం రాలేదు, బాధేసింది.

2018 నుంచి మన హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు (ప్రభుత్వ చిన్న క్లినిక్‌లు) నడుస్తున్నాయి. అక్కడ తీసిన శాంపిళ్లను తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగా పరీక్షిస్తున్నారు. చాలా మంచి పని. కానీ ఎంత ఖరీదైన మెషీన్ అయినా చేతికొచ్చిన ట్యూబునే కదా చదివేది! డెంగీ రోజుల్లో మెషీన్ ప్లేట్‌లెట్లు 18 వేలే అంటే, స్మియర్ వేసి (గాజు పలక మీద రక్తపు చుక్కను పలచగా పూసి) మైక్రోస్కోపులో చూస్తే అవి గుత్తులు గుత్తులుగా అతుక్కుని కనిపించిన సందర్భాలు నాకెన్నో. అలా అతుక్కుంటే మెషీన్ లెక్క తక్కువ చూపిస్తుంది. రక్తం తీసిన వెంటనే ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేసి కలపకపోయినా అలా జరుగుతుంది.

ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) ఉంది, పారామెడికల్ బోర్డు కింద డీఎంఎల్‌టీ (అదే పనికి డిప్లొమా) ఉంది. అయినా మా వారాసిగూడ వైపు పగలు పనికి వెళ్లే పిల్లలకు ప్రైవేటు కాలేజీ ఫీజులు భారం. అందుకే ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కమ్యూనిటీ కాలేజీ పద్ధతిలో (అంటే చుట్టుపక్కల వాళ్లకు పని నేర్పే కోర్సుగా) దీనికి సాయంత్రం బ్యాచ్ మొదలుపెట్టాలని కోరుతున్నాను. జువాలజీ ల్యాబులున్నాయి, మైక్రోస్కోపులున్నాయి. లేనిది పేషెంటే. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్‌తో ఒప్పందం అయ్యాకే అడ్మిషన్లు తీసుకోవాలి. బోర్డు గుర్తింపు కూడా ముందే రావాలి. రెండేళ్లు చదివాక సర్టిఫికెట్ చెల్లదంటే ఆ పిల్లలు ఎక్కడికి పోతారు?

ఇంకో మాట. చేరిన వారంలోనే హెపటైటిస్-బి టీకా మొదటి డోసు వేయించాలి. మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది, ఆలోపు సూదులతో పని పెట్టకూడదు. నాకు పని నేర్పిన సారు మొదటి నెలంతా మమ్మల్ని సూది ముట్టనివ్వలేదు. పేషెంటు పేరు మనం చదివి "అవునా" అని అడగకూడదు, ఆయన నోటే చెప్పించాలి, ట్యూబు మీద పేరు ఆయన ముందే రాయాలి. నెల రోజులూ అదే పాఠం. ఆ అలవాటు రిటైరయ్యే రోజు వరకూ పోలేదు.

ఏ కాలేజీ ముందుకొచ్చినా వారానికి రెండు సాయంత్రాలు జీతం లేకుండా వచ్చి నేర్పడానికి నేను సిద్ధం. నేను దాచుకున్న స్లైడ్ల పెట్టె ఒకటుంది, మలేరియావి, ఫైలేరియావి. అదీ పట్టుకొస్తాను.

- ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, వారాసిగూడ, హైదరాబాద్