రిలీజ్ ప్రకటన రాసేవాళ్లకి

శ్రీకాకుళం, విజయనగరం వాలంటీర్లందరికీ నమస్కారం. మన సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ గురించి ప్రకటన రాసేటప్పుడు గిట్ లాగ్‌ని (కోడ్‌లో చేసిన మార్పుల చిట్టాని) ఉన్నదున్నట్టు అతికించకండి, వాడేవాళ్లకి అది అర్థం కాదు. ఏం మారింది, ఎవరు వెంటనే అప్‌డేట్ చేసుకోవాలి అన్నది మొదటి వాక్యంలోనే రావాలి. మన వెర్షన్ నంబర్లు సెమాంటిక్ వెర్షనింగ్ (ఏ అంకె మారిందో చూస్తే ఎలాంటి మార్పో తెలిసే పద్ధతి) ప్రకారమే: 2.4.2 అంటే బగ్‌ల సవరణ, 2.5.0 అంటే పాతవాటిని చెడగొట్టని కొత్త సదుపాయం, 3.0.0 అంటే పాత సెట్టింగులు పనిచెయ్యకపోవచ్చు. ఈ చివరిదానికి పాత కమాండ్, కొత్త కమాండ్ పక్కపక్కనే రాయండి, వాటికంటే ముందు బ్యాకప్ ఎలా తియ్యాలో చెప్పండి.

బొబ్బిలిలోనో పలాసలోనో ఫోన్ డేటా మీద దించుకునేవాళ్లున్నారు. ఫైలు సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో లేదో పోల్చి చూసుకునే కోడ్) తప్పకుండా ఇవ్వండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే ఇన్‌స్టాల్ కాదు, తప్పు మన వెర్షన్‌దే అనుకుంటారు పాపం.

మామూలు గిట్ పుష్‌తో (కోడ్‌ని సర్వర్‌కి పంపే కమాండ్‌తో) ట్యాగ్, అంటే వెర్షన్‌కి గుర్తుగా పెట్టే పేరు, వెళ్లదు, విడిగా పంపాలి. డాక్యుమెంటేషన్ మార్పు కోడ్ ఉన్న పుల్ రిక్వెస్ట్‌లోనే (మార్పుల్ని కలపమని పంపే అభ్యర్థనలోనే) ఉండాలి. తర్వాత రాద్దామంటే ఎవరూ రాయరు.